ముర్రుపాలు తాగిన దూడ

మా పిన్ని పశువుల ఆసుపత్రిలో పరీక్షలు చేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా పేడలో పురుగుల గుడ్లు వెతుకుతోంది కనుక ఇంటిల్లిపాదీ ఆమెను పేడ పిన్ని అంటాం. అందుకు కోపం రాదు. దేన్నైనా ఎందుకని అడగకుండా వదలడం మాత్రం ఆమె వల్ల కాదు. నాకు జలుబు చేసినా పోలీసులా ఆరా తీస్తుంది.

ఆమె దగ్గరికి మామూలుగా పేడ డబ్బాలు, రక్తం సీసాలే వస్తాయి. పోయినేడు ఒక పాలవాడు ఏకంగా దూడనే ఆటోలో తెచ్చాడు. చూలు నిలవనీయని పరాన్నజీవి ఒకటి దాని తల్లిలో ఉందని అప్పటికే తేలింది. దూడ రక్తాన్నీ గుంటల పలకలో వేసి చూస్తే రంగు తేలింది. అంటే ఆ జీవితో పోరాడే సరుకు ఒంట్లో ఉందన్నమాట, జీవి దానికీ సోకినట్టే లెక్క. అలాంటిదాన్ని మందలో ఉంచరు. డాక్టరుగారు కబేళాకు చీటీ రాసేశారు. రెండు చూళ్లు పోయాక దక్కిన దూడ అది.

చీటీ ఇవ్వడానికి బయటికి వచ్చిన పిన్నికి దూడ అతని వేళ్లు చీకుతూ కనిపించింది. ఎన్నాళ్లదని అడిగితే నాలుగు రోజులన్నాడు.

"రక్తం తీసేలోపు ముర్రుపాలు తాగిందా?"

"తాగకపోతే బతుకుతుందా అమ్మా? పుట్టిన గంటకే పొదుగు పట్టింది."

పిన్ని చీటీతో సహా లోపలికి పరుగెత్తింది. తల్లి ఒంట్లోని ఆ పోరాడే సరుకంతా మొదటి పాలతోనే దూడకు దిగుతుంది. పలక మీది రంగు తల్లిదో దూడదో ఎవరు చెప్పగలరని వాదనకు దిగింది. చివరికి డాక్టరుగారు, తల్లి నుంచి వచ్చిందైతే ఈలోపు కరిగిపోతుందని, దూడను విడిగా కట్టేయమని ఆరు నెలలు గడువిచ్చారు.

చూస్తే తెలిసే రోగం కాదని తెలిసీ పిన్ని ప్రతి ఆదివారం వెళ్లి దూడను చూసొచ్చేది. నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశావా అని బాబాయి దెప్పేవాడు.

గడువు తీరాక మళ్లీ రక్తం తీశారు. ఈసారి పలక గుంటలో రంగు తేలలేదు, నీళ్లలా తేటగా ఉంది. పాలవాడు దూడను మళ్లీ మందలోకి తోలుకుపోయాడు.

ఆ సాయంత్రం మెచ్చుకుందామని వెళ్లాను. పిన్ని పాత రిజిస్టర్లు నేల మీద పరుచుకుని కూర్చుంది. కబేళాకు పోయిన దూడల్లో వారం నిండనివి పద్నాలుగు తేలాయి. అన్నింటి పక్కనా ఆమె సంతకమే. వాటిలో ఎన్నింటికి నిజంగా రోగముందో ఇక తెలిసే దారి లేదు.

"సీసా మీద నెంబరు చూసేదాన్ని," అంది పిన్ని. "పాలు తాగిందా అని ఒక్కదాని గురించీ అడగలేదు."