నేను గీకేసిన నూనె మరక

పాత సామాను తడిమి "యాంటిక్" అని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటకు కారణం ఒక ద్వారబంధం. పంజాబులోని ఒక పాత ఊరి నుంచి అది గల్ఫ్‌లో, సలాలా పక్కనున్న రైసూత్‌లోని మా వర్క్‌షాపుకు వచ్చింది. దాని అడుగున, రెండు నిలువు కొయ్యల మీదా మోకాలెత్తున నల్లటి నూనె మరక ఉండేది. ఒక మనిషికి తన ఇంటి నుంచి మిగిలింది ఆ మరక ఒక్కటే. దాన్ని గీకేసింది నేనే. కాబట్టి నా కోపంలో సగం నా మీదే.

ఆ మనిషి మా ఉస్తాద్. అరవై దాటిన పంజాబీ వడ్రంగి. నేను కడప జిల్లా నుంచి వచ్చిన కొత్తలో చిత్రిక పట్టడం తప్ప ఏమీ తెలియదు. చెక్కడం నేర్పింది ఆయనే. చేతిలో ఉలి ఉన్నంతసేపూ ఆయన నోట్లో ఊరు ఉండేది. నాలుగు ద్వారాల ఊరట. ఎదురుగా గడ్డి బండి వస్తే మనిషి పక్కింటి అరుగెక్కి దారివ్వాల్సినంత ఇరుకు సందులట. సన్నటి ఇటుకలు, సున్నంలో మినప్పిండి కలిపి కట్టిన గోడలు, వాటిమీద రంగు బొమ్మలు. దేశం రెండుగా చీలినప్పుడు సగం ఊరు తాళాలు పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి అవతలికి పోయిందట. అవతలివాళ్ళు మూటలతో వచ్చి అవే ఇళ్ళలో పొయ్యి వెలిగించారట. మనుషులు మారారు గానీ తలుపులు మారలేదు, ఆ తలుపులన్నీ మా వీధివాళ్ళు చేసినవే అని చెప్పేటప్పుడు ఆయన మీసం మెలేసేవాడు.

మేం ఏడిపించేవాళ్ళం. "ఉస్తాద్, మీ ఊళ్ళో కాకులకు కూడా నగిషీ చెక్కుతారా?" అని. నవ్వేవాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇప్పుడేమీ లేదు పుత్తర్, అంటే కొడుకా, అనేవాడు. అరుగులు కూల్చి షట్టర్లు పెట్టారు. బొమ్మల మీద సున్నం కొట్టి ట్యూషన్ల ప్రకటనలు రాశారు. ఆయన వీధిలో ఉలి పట్టే చెయ్యి ఒక్కటీ మిగల్లేదు.

ఆయన చేసిన తప్పంటూ ఉంటే ఊరి గొప్ప అందరి ముందూ చెప్పడమే. మా ఫోర్‌మన్ హైదరాబాదు పాతబస్తీ మనిషి, చెవులు పాము చెవులు. సలాలాలో కొత్తగా పెట్టే ఒక కాఫీ షాపువాళ్ళు పాత తలుపులు కావాలనగానే అతనికి ఉస్తాద్ ఊరే గుర్తొచ్చింది. అక్కడి పాత కలప వ్యాపారిని ఫోన్లో పట్టాడు. ఉస్తాద్ తమ్ముడు అప్పటికే ఉమ్మడి ఇల్లు పడగొట్టించేశాడనీ, ఆ చెక్కంతా అదే వ్యాపారి దగ్గర పడి ఉందనీ మాకెవరికీ తెలియదు. ఉస్తాద్‌కూ తెలియదు. సొంత అన్నకు ఒక్క మాట చెప్పడానికి నోరు రాని ఆ మనిషిని ఏమనాలో నాకు తెలుగులో బాగానే దొరుకుతుంది. ఇక్కడ రాయను.

ఆ చెక్కతో కంటెయినర్ దిగేసరికి ఉస్తాద్ కాగితాల పనిమీద మస్కట్‌లో ఉన్నాడు. ఖరీఫ్ జల్లు, అంటే ఇక్కడి వానాకాలపు తుంపర, అప్పుడే మొదలైంది. ఆ రోజుల్లో సలాలాలో చెక్క ఉబ్బుతుంది, పాలిష్ ఒక పట్టాన ఆరదు. ఫోర్‌మన్ నా నెత్తిన కూర్చున్నాడు.

"అన్నా, జల్ది క్లీన్ చెయ్యి. వచ్చే జుమ్మాకు షాపు ఓపెనింగ్ ఉన్నది."

నూనె పట్టిన చెక్కకు పాలిష్ అంటదు. మా పనిలో అది మొదటి పాఠం. కాస్టిక్ సోడా నీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దాను. ఆరాక రేకుతో గీకి, సాండింగ్ మిషన్ పెట్టాను. మరక పొరలు పొరలుగా లేచింది. గుప్పున ఆవనూనె వాసన. ఎన్నేళ్ళ జిడ్డురా ఇది అని ముక్కు చిట్లించాను. సాయంత్రానికి లోపలి ఎర్ర చెక్క బయటపడితే ఫోటో తీసి ఫోర్‌మన్‌కు పంపాను.

మా అమ్మ శుక్రవారం పూట గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది. గడప తొక్కితే వీపు మీద ఒకటి పడేది. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇంకొకరి గడప దగ్గరి నూనెను మురికి అనుకున్నాను. తెలియక కాదు, డ్యూటీ నెత్తికెక్కి.

ఉస్తాద్ తిరిగొచ్చిన రోజు వర్క్‌షాపులో అడుగుపెడుతూనే ఆ ద్వారబంధం ముందు ఆగిపోయాడు. పై కొయ్య మీద రెండు నెమళ్ళు చెక్కి ఉన్నాయి. రెండూ ఎదురెదురుగా చూడాలి. ఎడమది మెడ వెనక్కి తిప్పుకుని ఉంది. వాళ్ళ తాత చెక్కుతుంటే ఉలి జారి ముక్కు విరిగిందట, మంచి చెక్కను పారేయలేక మెడ తిప్పేశాడట. ఆ కథ ఆయన మాకు పదిసార్లు చెప్పాడు. ఆ నెమలి వారం రోజులు నా కళ్ళ ముందే ఉన్నా నాకు తట్టలేదు. నా చూపంతా కింద మరక మీదే ఉంది.

ఆయన నెమలిని ఒకసారి తడిమి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు కొయ్యల అడుగునా అరచేత్తో రాశాడు.

"యహా తేల్ థా," అన్నాడు. ఇక్కడ నూనె ఉండేది.

అప్పుడు చెప్పాడు. కొత్త కోడలు వచ్చినా, దూరం పోయినవాళ్ళు తిరిగొచ్చినా, ఇంటి ఆడమనిషి గడపకు అటూ ఇటూ ఆవనూనె పోసి లోపలికి పిలుస్తుందట. అది పడేదాకా వచ్చినవాళ్ళు గడప దాటరట. వాళ్ళ ముత్తవ్వ పోసింది, అవ్వ పోసింది, తల్లి పోసింది. ఈయన గల్ఫ్ నుంచి సెలవు మీద వెళ్ళిన ప్రతిసారీ భార్య పోసింది. ఆవిడ పోయాక ఆ గడప మీద నూనె పడలేదు.

ఎవరు గీకారని అడిగాడు. నేనే అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. పని శుభ్రంగా చేశావన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఫోర్‌మన్ దగ్గరికి పరుగెత్తాను. "అది ఉస్తాదు ఇంటి వాకిలంటన్నా. ఆయనకు ఇచ్చేయమని చెప్పన్నా. ఆ షాపోళ్ళకు ఇంగోటి పెడదాం."

"నీకు దిమాగ్ ఉన్నదా? నువ్వు పంపిన ఫోటో కస్టమర్ చూసిండు. ఇంకోటి ఇను. మస్తు కొత్తగున్నదంట, మొదట పంపిన ఫోటోలల్ల అడుగున నల్లగ ఉంటుండె కదా, మళ్ళ గట్లనే చెయ్యమంటుండు."

చేతిలోని మిషన్‌ను నేలకేసి కొట్టాను. అది ముక్కలైనందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు. నాలుగు తరాల నూనెను గీకించి, దాని చోట దొంగ నలుపు పూయమంటారా? అది కూడా నా చేతనే?

పూయక తప్పకపోతే అసలు నూనే పోద్దామనుకున్నాను. రూమ్‌కు పోయి, ఉస్తాద్ వంటకు వాడే ఆవనూనె సీసా తెచ్చాను. మూత తీసి వంచబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"కౌన్ ఆయా హై, పుత్తర్?"

ఎవరొచ్చారని పోస్తున్నావు అని. ఆయన సీసా తీసుకుని మూత బిగించి పక్కన పెట్టాడు. టీ డికాషన్‌లో నల్ల పాలిష్ కలిపాడు. గుడ్డ ముంచి, ఎడమ కొయ్యకు మోకాలెత్తున, కుడి కొయ్యకు కాస్త తక్కువగా, చివర్లలో ధార జారినట్టు సన్నగా తానే పూశాడు. ఎడమవైపు ఎందుకు ఎక్కువో ఆయనే చెప్పాడు. భార్యది ఎడమచేతి వాటమట.

ఫోర్‌మన్ వచ్చి చూసి, "వారెవ్వా ఉస్తాద్, అస్లీ లెక్కనే ఉన్నది!" అన్నాడు. ఉస్తాద్ గుడ్డ పిండి ఆరేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తడి ఆరని ఆ రంగును చూస్తూ నేను ఆయన తమ్ముణ్ణీ, ఫోర్‌మన్‌నూ, ఆ షాపువాణ్ణీ, నన్నూ కలిపి తిట్టుకున్నాను.

బిగించడానికి సలాలా వెళ్ళింది మేమిద్దరమే. ముందువైపు పని అయ్యాక లోపలివైపు మరలు బిగించాలి. ద్వారం తెరిచే ఉంది, ఒక్క అడుగు వేస్తే లోపలే. ఉస్తాద్ ఆ అడుగు వేయలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, జల్లులో షాపు చుట్టూ తిరిగి, గిన్నెలు కడిగే గదిలోంచి లోపలికి వచ్చాడు.