చీర మీద అంగీ

మా పత్తి మిల్లు నార్కట్‌పల్లి రోడ్డు మీద ఉండేది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడో, ఆ పై ఏడో, ఒక కూలి మనిషి కొంగు యంత్రం బెల్టులో పడింది. కొంగు చిరిగింది కాబట్టి మనిషి దక్కింది. మర్నాడే కొత్త మేనేజరు గేటుకు ఇంగ్లీషు కాగితం అంటించాడు. ఆడవాళ్ళు పంజాబీ డ్రెస్సులో రావాలట, చీర కట్టుకొస్తే పని లేదట.

గేటు దగ్గర ఆపేసిన వాళ్ళలో మా వాడకట్టు మనిషి ఒకామె ఉంది. యాభై దాటింది. భర్త మంచం పట్టాడు, ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. నేను కాంటా దగ్గర తూకం చూసేవాణ్ణి. నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మనుమరాలు తొడిగే బట్టలు నన్ను తొడుగుమంటున్నరు. గవి ఏసుకొని పోతే మా కుక్కనే నన్ను జూసి మొరుగుతది."

నవ్వుతూనే అంది గానీ, సద్దిగిన్నె పట్టుకుని కాంటా పక్కనే నిలబడింది, ఇంటికి పోలేదు.

నా చదువు నాలుగో తరగతి. అయినా కార్మిక చట్టాల తెలుగు పుస్తకం పాతది ఒకటి కొని, అట్ట ఊడేదాకా చదివాను. తిరిగే యంత్రం దగ్గర వదులు బట్టలు కూడదనీ, బిగుతు బట్టలు యజమానే ఇవ్వాలనీ అందులో ఉంది. మొదటి ముక్క పట్టుకుని రెండోది మింగేసిన వాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమెను వెంటబెట్టుకుని మేనేజరు గదికి పోయాను.

"సారూ, కొంగు యేలాడొద్దనుడు న్యాయమే. కని బట్టలు మిల్లే ఇయ్యాలె. ఇయ్యకుంటే, ఈమెను ఎందుకు ఆపిన్రో రాసియ్యున్రి."

"రాసేదేముంది? చీర వద్దన్నాం, అంతే."

"గా అంతే అన్న ముక్కనే రాసి సంతకం పెట్టున్రి. నల్లగొండ లేబరాఫీసుల సదివిస్త."

ఆయన కలం తీశాడు గానీ మూత తీయలేదు. అప్పుడు ఆమె నోరు విప్పింది.

"సారూ, పత్తి ఏరేటప్పుడు మేము గోచి పెట్టి చీర కడ్తం. పైన మా ఇంటాయన అంగీ తొడిగి గుండీలు పెడ్తం. కొంగు లోపల్నే ఉంటది. గట్లనే వస్త."

"మగాళ్ళ చొక్కానా? చూసినవాళ్ళు నవ్వరూ?"

"నవ్వితే నవ్వనియ్యున్రి. నవ్వుకు చెయ్యి తెగదు గద."

మేనేజరు ఆమెను వదిలి నా వైపు తిరిగాడు. "రోజుకు పదిసార్లు షెడ్డులోకి పోతావు. నీ మెడలో ఆ తువ్వాల ఏమిటి మరి?"

నలభై ఏళ్ళుగా అది లేకుండా నేను ఇల్లు దాటలేదు. ఆయన అడిగింది మాత్రం తప్పు కాదు. తీసి మడిచి బల్ల మీద పెట్టాను.

"ఇగో, తీసిన. మగోళ్ళందరియి గిట్లనే తీయించున్రి."

ఆయన ఒక తెల్లకాగితం నా వైపు జరిపాడు. కొత్త నోటీసు తెలుగులో నేనే రాశాను. యంత్రం దగ్గర కొంగు గానీ తువ్వాల గానీ పంచె గానీ వేలాడకూడదు. చీర మీద అంగీ తొడగవచ్చు. అంగీలు మిల్లు ఇస్తుంది. ఆ చివరి ముక్కను ఆయన రెండుసార్లు చదివాడు. సంతకం పడేదాకా నేను కదలలేదు.

ఆమె ఆ పూటే ఇంటికి పోయి, భర్త అంగీ తొడుక్కుని పనిలోకి వచ్చింది. మిల్లు అంగీలు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఎనిమిది పొద్దులూ నేను ఆ గది గడప దగ్గర నిలబడి, "అంగీలు ఎప్పుడొస్తయి సారూ" అని అడుగుతూనే ఉన్నాను.