పిట్టకు పెట్టని బువ్వ

నన్నెవరైనా మాటంటే, జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆయన గుర్తొస్తాడు.

ఆయన ఒళ్లో బైబిలు ఉంది. ముందు సీట్లోంచి ఆయన అక్క వెనక్కి తిరిగి, బస్సంతా వినేలా తిడుతోంది.

"అవ్వ సచ్చిపోతే పిట్టకు బుక్కెడు బువ్వ పెట్టకపోతివి. ఒక్కగానొక్క కొడుకువి! అవ్వ ఆకలితోనే పోయిందిరా. గదేం దేవుడురా నీకు?"

మూడోనాడు పెట్టిన బువ్వను పిట్ట, అంటే కాకి, ముట్టుకుంటేనే పోయినవాళ్లు తిన్నట్టు, మా వైపు.

నేనే ఉండబట్టలేక, "ఎవరి నమ్మకం వాళ్లది గదమ్మా" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అననియ్యిండ్రి సార్. పెట్టకపోవుడు నా విశ్వాసం. గని అక్క ఏడ్సుకుంట బతిమాలితే నేను బైబిలు వాక్యం చెప్పిన, ఓదార్చలే. గది నా తప్పే."

తర్వాత ముందుకు వంగి, "తప్పైందక్కా" అన్నాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

జగిత్యాలలో ముందు ఆయన దిగాడు. వెనక ఆమె దిగుతుంటే చెప్పొకటి జారి కింద పడింది. ఆయన వంగి, దాన్ని తీసి ఆమె కాలి ముందు పెట్టాడు. ఆమె తొడుక్కొని, ఒక్క తిట్టయినా తిట్టకుండా వెళ్లిపోయింది.

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.