వక్కాకు సంచిలో పట్టీ

వానలకు ఊర్లు మునిగినప్పుడు దెబ్బలు తగిలినోళ్ల వివరాలన్నీ ఫోన్‌లో ఎక్కించే పద్ధతి తయారుచేసే పని మా కూతురి కూతురిది. మొన్న ఆదోని నుంచి వచ్చి, చేతికి కట్టే పట్టీలు ఒక పిడికెడు నా ముందర పోసింది.

"అవ్వా, వీటిని నీళ్లలో నానబెట్టి, ఊడతాయేమో లాగి చూడు. నీయంత గట్టి చేతులు మా ఆఫీసులో ఎవురికీ లేవు."

"కూలి ఎంతిస్తావే?"

"ఇస్తే మాత్రం ఖర్చు పెడతావా? దాచిపెడతావు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలే. "ఎందుకింత జిగురు?" అని అడిగినా.

"చిన్నవ్వ పట్టీ తడికి ఊడిపోయింది గదా. అందుకే మార్చినాము."

చిన్నవ్వ అంటే నా చెల్లెలు. పోయినేడు వానలకు ఎమ్మిగనూరు పక్కన మా పల్లెలో దాని మట్టిమిద్దె గోడ కూలి కాలు నలిగింది. బడిలో పెట్టిన శిబిరంలో నర్సమ్మ అన్నీ అడిగింది. ఒక సూదిమందు దీనికి పడదు, వేస్తే గొంతు వాచి ఊపిరాడదని నేనే చెప్పినా. ఆయమ్మ అదంతా ఫోన్‌లో ఎక్కించి, గళ్లగళ్ల గుర్తున్న కాగితం పట్టీ దాని చేతికి చుట్టింది. యాడైనా సరే, ఆ గుర్తుకు ఫోన్ చూపిస్తే వివరాలు వస్తాయనింది.

ఆదోనిలో వేసిన డేరా ఆసుపత్రికి పంపేటప్పుడు వాన కురుస్తానే ఉంది. అంబులెన్సులో నాకు తావు లేదు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. కాగితమంటే నాకు భయం. రేషను కార్డును ఇరవై ఏండ్లు మడత నలగకుండా కాపాడినా. ఇంత విలువైన చీటీ తడిసి పాడైతే మళ్లా యాడ ఇస్తారని, మెల్లగా విప్పి నా వక్కాకు సంచిలో పెట్టుకొంటి.

"అక్కా, అది ఉండనీలే" అనింది చెల్లెలు.

"నోర్మూసుకో. నీకు దేనిమీదా జాగ్రత్త లేదు" అని కసిరినా. దానితో నేను ఆడిన కడాపటి మాట అదే.

వెనకాల వస్తాండిన నా బస్సు, వంక పొంగి నీళ్లు దారికడ్డం పడేసరికి ఆ కాడనే నిలిచిపోయింది. ఆడ డేరా ఆసుపత్రిలో చెల్లెలికి తెలివి తప్పింది. ఇదెవరో, దీనికేమి పడదో చెప్పేవాళ్లు లేక ఆ సూదే వేసినారు. నేను పోయేసరికి గుడ్డ కప్పినారు. పట్టీ తడికి ఊడిపోయిందని వాళ్లే రాసుకొన్నారు. నేను ఔననలే, కాదనలే.

మొన్న ఆ కొత్త పట్టీలను పక్కకు తోసి, సంచి విప్పి, పాతది మనవరాలి చేతిలో పెట్టినా.

"ఊడలేదే. నేనే తీసినా."

అది దాన్ని మడత విప్పి పరిచింది. ఆనక గళ్ల గుర్తుకు ఫోన్ పట్టింది. టక్కున వచ్చినాయి నా చెల్లెలి పేరు, ఊరు, ఎర్రక్షరాలతో ఆ మందు. ఒక్క గీత చెరగలే. అంత బాగా దాచినా.

"రెండియ్యండి" అన్నా. "చేతికొకటి, దాచుకొనేదానికొకటి. ఒకటే ఇస్తే మా మాదిరోళ్లు దాచుకొంటారు."

కండ్లు తుడుచుకొని రాసుకొనింది. పోయేటప్పుడు 'పోయొస్తానవ్వా' అనలే. పాత పట్టీ తీసుకొని పోయింది. ఆకు కోసం సంచిలో చెయ్యి పెట్టినప్పుడల్లా నా వేళ్లు ఇంకా దాన్నే వెతుకుతాండాయి.