మైకమ్మ ఇంగ్లీషు ప్రకటన

మా ఆడపడుచు ఏ మాటనైనా రెండుసార్లు చెప్పేది. "వదినా, టీ పెట్టు. వదినా, టీ పెట్టు." నేను కాపరానికి వచ్చిన కొత్తలో, ఈ పిల్ల నాకు చెవుడనుకుంటోందా ఏమిటని ఒళ్ళు మండిపోయేది. "ఒకసారి చెబితే చాలదూ? నేనేమన్నా బస్సెక్కబోతున్నానా?" అని కసిరేదాన్ని. "అలవాటు వదినా, అలవాటు" అని నవ్వేది. చూశారా, అది కూడా రెండుసార్లే.

బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పడం ఆమె ఉద్యోగం. నా పెళ్ళయిన ఏడే చేరింది. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. డ్రైవర్లకూ, కండక్టర్లకూ, ప్లాట్‌ఫారాలు ఊడ్చేవాళ్ళకూ అందరికీ ఆమె మైకమ్మే. ఆ స్టేషన్‌లోనే ప్రయాణికుల సామాన్లు దాచే గది నాది. పెట్టెలు తీసుకుని టోకెన్లు ఇస్తాను, టోకెను పారేసుకొచ్చినవాళ్ళను నాలుగు తిట్టి పెట్టె ఇస్తాను. అంటే ఇంట్లోనూ నాకు ఆ గొంతే, పనిలోనూ ఆ గొంతే. మా ఆయన అదృష్టవంతుడు. డిపోలో బస్సుల కింద దూరి మరమ్మతులు చేస్తాడు. ఆ ఇంజను మోతలో చెల్లెలి గోలా వినపడదు, పెళ్ళాం గోలా వినపడదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాకపోలేదు, తనే వద్దంది. ఎందుకే అని అడిగితే, "నేను పిలిస్తే ఎవరైనా వెళ్ళిపోవడానికే వస్తారు కదా వదినా" అనేది. జోకులకేం లోటు లేదు మనిషికి.

నలభై ఏడో ఏట ఆమెకు ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. పట్టుకుందంటే ఊరికే కాదు. ఇకమీదట ప్రకటనలు ఇంగ్లీషులో కూడా ఉండాలని పైవాళ్ళు నిర్ణయించారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు దొరికితే సరే, లేకపోతే ఎక్కడో రికార్డు చేసిన గొంతు తెచ్చి పెడతామన్నారు. "నా కుర్చీలో మిషనును కూర్చోబెడతారా? నేనే నేర్చుకుని నేనే చెప్తాను" అని, డ్యూటీ దిగాక సాయంత్రం కాలేజీలో ఇంగ్లీషు కోర్సులో చేరింది. ఆ స్టేషన్‌లో మొదటి ఇంగ్లీషు ప్రకటన తన గొంతుతోనే వినపడాలి. అదీ ఆమె కోరిక. ఇంకేమీ అడగలేదు ఆ మనిషి ఈ లోకాన్ని.

కోర్సు చివర పరీక్ష లేదట. సొంతంగా ఒకటి రాసి, తన గొంతుతో చదివి రికార్డు చేసి ఇవ్వాలట. అక్కడితో వదిలితే బాగుండేది. రాయడానికి ముందు ఏం రాయబోతున్నదీ ప్లాను రాసి చూపించాలి. రాశాక మళ్ళీ, అలా ఎందుకు రాసిందీ, మధ్యలో ఏమేం మార్చిందీ, ఇంకోసారి రాయాల్సి వస్తే ఏం చేసేదీ, అదంతా విడిగా రాయాలి.

"వంటకు ముందు కూర మీద వ్యాసం, తిన్నాక ఉప్పు మీద వ్యాసమా?" అన్నాను.

"అంతే వదినా, అంతే."

ఇక చూడండి మా ఇంటి సంబడం. వంటింట్లో బల్ల ఆమెదైపోయింది. బీరువా తలుపు నిండా కాగితాలు అంటించింది. మొదటి ప్లాను వాన రోజున ఆలస్యమైన బస్సు గురించి. కోర్సు చెప్పే మాస్టారు బాగుందన్నాడు, ఈమెకు నచ్చలేదు. రెండోది తల్లి చెయ్యి వదిలి తప్పిపోయిన పిల్ల గురించి. మాస్టారు ఇదే రాసేయమన్నాడు, ఈమె చించేసింది. రోజంతా కాగితం ముక్క చూడకుండా మైకులో గడగడా మాట్లాడే మనిషి, ఇంగ్లీషు అనేసరికి ఒక్క అక్షరం తప్పు పోకూడదని కూర్చుంది. మాస్టారు ప్లానులో ఒక ప్రశ్న పెట్టాడు, నువ్వు చెప్పేది వినేదెవరు అని. ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది.

మైకు గది కిటికీ గోడవైపు ఉంటుంది. అన్నేళ్ళలో వినేవాళ్ళ మొహం ఆమె చూసింది లేదు. ఒకరోజు మధ్యాహ్నం నా గదికి వచ్చి పెట్టెల మధ్య నిలబడింది.

"వదినా, నేను చెప్పేది ఎవరన్నా నిజంగా వింటారా?"

"వినకపోతే బస్సు తప్పిపోదూ?"

"వాళ్ళు వినేది బస్సును. నన్ను?"

"నేను వింటున్నాగా! నాకు తప్పుతుందా?" అన్నాను.

పకపకా నవ్వింది. ఆ నవ్వు చివర గొంతు జీరపోయింది. జలుబు చేసిందనుకున్నాం. ఆ జలుబు తగ్గలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, మందులు మింగింది. గొంతు మాత్రం రోజురోజుకీ బొంగురుపోయింది. మైకులో అరిచి అరిచి అలా అయిందిలే అని డ్రైవర్లు ఆటపట్టించారు. నేను మటుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "ప్లాను చాలించి రాసింది రికార్డు చేసి పడెయ్యవే, తర్వాత మంచి డాక్టరుకు చూపిద్దాం."

"ఇంకా కుదరలేదు వదినా. ఇంకా కుదరలేదు."

చివరికి నేనే రెక్క పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, గొంతులో ఉన్నది మంచి గడ్డ కాదనీ, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలనీ చెప్పాడు. ఆలస్యం చేస్తే మనిషే దక్కదన్నాడు.

"తర్వాత మాట?" అని అడిగింది.

"రాదమ్మా."

ఆమె లేచి డాక్టరుకు దణ్ణం పెట్టి బయటికొచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చుంది. తర్వాత, "వదినా, ప్లాను మార్చాలి" అంది. లాగి లెంపకాయ కొడదామన్నంత కోపం వచ్చింది నాకు. కొట్టలేదు. పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది.

ఆ తర్వాత ప్లానూ లేదు, గీనూ లేదు. రెండు సాయంత్రాల్లో రాసేసింది. అది తప్పిపోయినవాళ్ళ కోసం చేసే ప్రకటన. రోజూ మైకులో చెప్పేలాంటిదే. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అర్థం చెప్పింది.

దయచేసి వినండి. ఒక మనిషి తప్పిపోయింది. వయసు నలభై ఏడు. నీలం స్వెటరు వేసుకుంది. పిలిస్తే పలకదు, కోపం వచ్చి కాదు. ఆమె తాలూకు వాళ్ళు ఎక్కడున్నా వెంటనే ఆఫీసు దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాము. ఆమె అక్కడే కూర్చుని ఉంది.

కాగితం మీద ప్రతి వాక్యమూ రెండుసార్లు రాసి ఉంది. మాస్టారు ఎర్ర సిరాతో గీతలు గీసి, "ఎందుకు రెండుసార్లు? తర్వాత రాసేదాంట్లో వివరించండి" అని పక్కన రాశాడు.

రికార్డు మైకు గదిలోనే చేద్దామంది. బస్సులు తక్కువగా ఉండే వేళ చూసుకుని మాస్టారు తన ఫోను పట్టుకొచ్చాడు. బక్కపలచటి మనిషి, మా ఇంటాయన కంటే చిన్నవాడు. ఆమె తన కుర్చీలో కూర్చుంది, కాగితం సర్దుకుంది, నీళ్ళు తాగింది. మొదటి వాక్యం చెప్పింది. దయచేసి వినండి. బొంగురుగా ఉన్నా ఆ పలుకు ఆమెదే, స్టేషనంతా ఎరిగిన పలుకు. రెండోసారి అదే వాక్యం చెప్పబోయింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. దగ్గు తెర వచ్చి కళ్ళ నీళ్ళు కారాయి. రేపు చేద్దామని చేత్తో సైగ చేసింది. ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, మంచం ఖాళీ అయింది, పొద్దున్నే రమ్మని.

మాస్టారు మంచం దగ్గరకు చూడటానికొస్తే, వరండాలోకి లాక్కెళ్ళి కడిగేశాను. "ప్లాను, ప్లాను అని ప్రాణం తోడేశారు కదండీ! మీ ప్లాను పుణ్యమా అని ఆ పిల్ల గొంతు పోయేదాకా కాగితాలు నలుపుకుంటూ కూర్చుంది!"

అతను తల దించుకున్నాడు. "నేను మొదటిదే బాగుందన్నానమ్మా. రెండోది రాసేయమన్నాను. ఆవిడే ఇంకా బాగా రావాలన్నారు."

ఆ మాట నిజం. ఎవరిని తిట్టుకోను?

ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది. మెడ దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఒక రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఇంటికొచ్చిన మొదటిరోజు మా ఆయన చెల్లెల్ని చూసి అటునుంచి అటే డిపోకు వెళ్ళిపోయాడు. ఆ రోజు సెలవు పెట్టిన మనిషి. ఆమె నవ్వింది. చప్పుడు లేని నవ్వు. అంత భయంకరమైనది నేను ఇంకోటి చూడలేదు.

కోర్సు గడువు దగ్గరపడింది. మాస్టారు కాలేజీ పెద్దవాళ్ళతో మాట్లాడి అనుమతి తెచ్చాడు. మొదటి వాక్యం ఆమె గొంతులో ఉంది కాబట్టి మిగతాది ఇంకెవరైనా చదవొచ్చు, అయితే ఆ సంగతి వివరంగా రాయాలి. ఇంకెవరైనా అంటే ఎవరు? ఆమె వేలు నావైపు చూపించింది.

"నాకు ఇంగ్లీషు రాదు కదే తల్లీ!"

కాగితం తీసుకుని, "నాకు మాత్రం వచ్చా?" అని రాసి చూపించింది.

ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. ఎక్కడ ఒత్తాలో బల్ల మీద వేలితో కొట్టి చూపించేది. నేను తప్పు పలికితే నెత్తి బాదుకునేది. వారం రోజులు వంటింట్లో అదే పని. పప్పు మాడిందొకసారి, అన్నం మాడిందొకసారి.

ఆ రోజు మైకు గదిలో ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. ఆమె తనే కుట్టుకున్న దిండు ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. ఆమె తలుపు అద్దానికి అవతల నిలబడింది, నీలం స్వెటరు వేసుకుని. మాస్టారు ముందుగా ఆమె చెప్పిన మొదటి వాక్యం వినిపించాడు. అది ఆగగానే నేను రెండో వాక్యం అందుకోబోయాను. అద్దం మీద టకటకా కొట్టింది. చూస్తే, రెండు వేళ్ళు ఎత్తి పట్టుకుని ఉంది. నాకప్పుడు అర్థమైంది. ఆ మొదటి వాక్యం రెండోసారి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. దయచేసి వినండి. తర్వాత అన్నీ రెండేసిసార్లు చదువుతూ పోయాను. "పిలిస్తే పలకదు" దగ్గర తట్టుకున్నాను. "ఆమె తాలూకు వాళ్ళు" దగ్గరకొచ్చేసరికి నా వల్ల కాలేదు. ఏడుస్తూనే చదివాను, రెండుసార్లూ. మాస్టారు మళ్ళీ తీద్దామా అని అడిగితే, ఆమె వద్దని తల అడ్డంగా ఊపింది.

చివర రాయాల్సిన రెండు పేజీలూ రాసిచ్చేసింది. అందులో ఏముందో తెలుగులో చెప్పమని మాస్టారును బతిమాలాను. మా వంటింటి బల్ల దగ్గరే కూర్చుని చదివాడు. రెండుసార్లు ఎందుకంటే, మొదటిసారి చెప్పినప్పుడు ఎవరో పిలుస్తున్నారని మాత్రమే జనానికి తెలుస్తుంది, ఏం చెబుతున్నారో రెండోసారికి గానీ వినపడదు అని రాసింది. చివరి ప్రశ్న, మళ్ళీ రాయాల్సి వస్తే ఏం మారుస్తారు అని. దానికి ఆమె రాసింది: "ప్లాను వెయ్యను. గొంతు బాగున్న మొదటిరోజే, వచ్చిన తప్పుల ఇంగ్లీషుతోనే చెప్పేస్తాను." ఆ తర్వాత ఇంకా ఏదో ఉంది. అతను చదవలేకపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె లేచి అతనికి మంచినీళ్ళు ఇచ్చింది.

సర్టిఫికెట్ వచ్చింది, మంచి మార్కులతోనే. బీరువా తలుపు లోపల అంటించుకుంది. స్టేషన్‌లో ఇప్పుడు మిషను గొంతు వచ్చింది. తేనె పూసినట్టు ఉంటుంది, మన భాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. జనం బస్సులు అందుకోలేక, పెట్టెలు మోసుకుంటూ వచ్చి నా మీద ఎగురుతున్నారు. "నేనేం చెయ్యను, వెళ్ళి దానితో చెప్పండి" అంటాను.

ఇంట్లో నన్ను పిలవాలంటే ఆమె స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. రెండుసార్లు. మధ్యలో కాస్త ఆగి, సరిగ్గా మైకులో ఆగినట్టే ఆగి. మొదటిసారికే నాకు వినపడుతుంది. అయినా చేతిలో పని పట్టుకుని అక్కడే నిలబడతాను. రెండోది కొట్టాక, "వస్తున్నానే, వస్తున్నా" అని వెళతాను.