బాపు వేలికి పలకని తెర

మా బాపు నారాయణపేటలో చీరలు నేసేవాడు. గొంతు ఆపరేషన్‌తో ఆయన మాట పోయింది. పెన్ను పట్టే సత్తువ కూడా లేదని తమ్ముడు ఆసుపత్రికి కొత్త ఫోన్ తెచ్చాడు. మడత విప్పితే తెర పెద్ద పలకంత అయ్యేది.

"బాపూ, గీడ వేలుతోని రాయి" అన్నాడు.

మగ్గం మీద కాయలు కాసిన ఆ వేలిని తెర గుర్తించలేదు. ఎంత రుద్దినా ఒక్క గీత పడలేదు. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫికర్ చెయ్యకు, నా చేతిల రాయి" అని అరచెయ్యి చాపాను.

మెల్లగా రాశాడు: 'ఇంటికి పోదాం.'

"జర తగ్గినంక పోదాం బాపూ" అన్నాను. మర్నాడే ఆయన కన్నుమూశాడు.

ఇంటి దగ్గర అమ్మ అడిగింది: "ఆఖరికి ఏమన్న చెప్పిండా బిడ్డా?"

"ఇంటికి పోదామన్నడమ్మా."

అమ్మ కుప్పకూలిపోయింది. ఆ మాట ఆమెకు చెప్పకుండా ఉండాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.