బావను కత్తిరించిన మావయ్య

"ముక్కు ఎందుకు వదిలావురా? అది కూడా కోసేస్తే పోయేదిగా!"

పెద్దమ్మ గొంతు వీధిలోకి వినబడుతోంది. నేను మెట్ల మీదే ఆగిపోయాను.

"అరవకక్కా. పెట్టె అంతకంటే జరగలేదు." అది మావయ్య గొంతు.

"ఏం పెట్టె?"

"కెమెరాలో గీతల పెట్టె. ఇంకాస్త జరిపితే నా చెవి పోతోంది."

"ఓహో! నీ చెవి పోకూడదు, మా ఆయన మొహం పోవచ్చన్నమాట!"

లోపలికి వెళ్లాను. పెద్దమ్మ చేతిలో ఒక ఫోటో ఉంది. అందులో మావయ్య కర్ర మింగినవాడిలా నిలబడ్డాడు. పక్కనే అంచులో పెదనాన్న ముక్కు ఒక్కటే, గోడలో సగం దిగిన మేకులాగా ఉంది. పెదనాన్న పోయి నెల తిరగలేదు. గోడకు పెట్టుకుందామంటే ఆయన నవ్వు మొహం ఒక్క ఫోటోలోనూ లేదు. ఉన్నదల్లా ఆఫీసు గుర్తింపు కార్డులోది. అందులో ఆయన అప్పుడే పట్టుబడ్డ దొంగలా ఉంటాడు.

మావయ్య మా అమ్మకు, పెద్దమ్మకు ఒక్కడే తమ్ముడు. బస్టాండులో టికెట్ల గుమాస్తా. వరసలో నిలబడి నిలబడి తన దాకా వచ్చిన మనిషి మొహం మీద కౌంటరు తలుపు దించడం ఆయనకు పరమానందం. దించాక లోపల ఆయన చేసే రాచకార్యం ఏమీ ఉండదు. గోళ్లు చూసుకుంటాడు. బంధువుల్లో మొదట డిజిటల్ కెమెరా కొన్నది ఆయనే. చొక్కా జేబులో పట్టేంతది. దానితో మా అందరి మొహాలకూ అధికారి అయిపోయాడు. ఫోన్లతో ఫోటోలు తీసే రోజులొచ్చినా మా పెద్దవాళ్లు మాత్రం "వాడు కెమెరా తెస్తాడులే" అనే అనుకుంటూ వచ్చారు.

తీయడం ఎవరికైనా వస్తుంది. మావయ్య విద్య తీశాక మొదలవుతుంది. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, అరచేయంత లేని ఆ తెరను కళ్లజోడుకు ఆనించుకుని, మీట తిప్పుతాడు. ఫోటో మీద గీతల పెట్టె ఒకటి పడుతుంది. బాణాల బటన్లతో దాన్ని అటూ ఇటూ జరిపి, తనకు గిట్టని మనిషిని పెట్టె బయటికి తోసి, నడిమి బటన్ నొక్కుతాడు. ఆ పెట్టె పొడవూ వెడల్పూ విడివిడిగా మారవు. అందుకని ఒక మనిషిని పక్కనుంచి తీసేస్తే మిగిలినవాళ్ల కాళ్లు కూడా పోతాయి. మా కుటుంబంలో ఎవరికీ పాదాలు లేవని ఫోటోలు చూసినవాళ్లు అనుకోవాలి. కెమెరా పాపం మంచిది. కత్తిరించిన ముక్కను వేరే ఫోటోగా దాచి, అసలుదాన్ని ముట్టుకోదు. ఆ అసలుదాన్ని కూడా చెత్తబుట్ట గుర్తు నొక్కి చెరిపేసేవాడు మావయ్య. అడిగితే, "కార్డులో చోటు చాలదురా" అనేవాడు. కౌంటరు వెనకా ఇదే మాట.

కోపమొస్తే మనుషులు తిడతారు, కొడతారు, లేదా మొహం తిప్పుకుని పోతారు. మావయ్య బటన్ నొక్కుతాడు. ఎదురుగా ఉన్నంతసేపూ "అలాగే బావా, సరే బావా" అంటాడు. ఇంటికెళ్లాక బావ ఉండడు.

ఇంతకీ పెదనాన్న చేసిన నేరం ఏమిటంటే, అందరి ముందూ ఒక ఫోటో చూసి, "బావమరిదీ, కాళ్లు లేవు, తల సగమే ఉంది. మనిషిని ఏ బస్సులో పంపించావయ్యా?" అని నవ్వాడు. అంతే. ఆ రోజు నుంచి పాతవీ కొత్తవీ వెతికి వెతికి, పెదనాన్న ఉన్న ఫోటోలన్నీ కోసేశాడు. నవ్వినందుకు ఆ నవ్వే లేకుండా చేశాడు.

నేను కాలేజీ మానేసి ఫోటోలు ప్రింటు వేసే షాపులో కూర్చుంటున్నాను. పెద్దమ్మ నా వైపు తిరిగింది. "చెరిపేసినవి మళ్లీ తీయొచ్చటగా?"

"వాటి మీద కొత్తవి ఎక్కకపోతే వస్తాయి పెద్దమ్మా."

మావయ్య కెమెరాలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. నా కళ్లలోకి చూడలేదు.

షాపు కంప్యూటర్లో పెట్టి చూశాను. చాలావరకు బూడిదరంగు చారలే. ఒకటి పైనుంచి పెదనాన్న నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది. చివరికి ఒక్కటి మాత్రం పూర్తిగా బయటపడింది. కెమెరాను ఎక్కడో ఎత్తు మీద పెట్టి, టైమరు నొక్కి, పరిగెత్తుకొచ్చి నిలబడ్డట్టున్నాడు మావయ్య. పెదనాన్న ఒక చెయ్యి ఆయన మెడ చుట్టూ వేసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. మావయ్యా నవ్వుతున్నాడు. ఆ మొహాన నవ్వు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

పెద్దమ్మకు చూపించాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది, మళ్లీ చూసింది, మళ్లీ తుడుచుకుంది. తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "ఆ పక్కనున్నవాణ్ణి తీసెయ్."

"మెడ మీద చెయ్యేశాడు పెద్దమ్మా. మావయ్యను తీస్తే పెదనాన్న చెయ్యి కూడా పోతుంది."

"పోనీ. నాకు మొహం చాలు. వాడు మాత్రం నా గోడెక్కకూడదు."

మర్నాడు ప్రింటు తీయబోతుంటే మావయ్య షాపుకొచ్చాడు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, అక్కడ కౌంటరు మూసే ఉంటుంది. తెర మీద ఫోటో చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"అక్క నన్ను తీసెయ్యమందా?"

"ఆ."

"నేనేదో అంటే బావ నవ్వాడురా. ఏమన్నానో గుర్తు రావడం లేదు."

ఇప్పుడన్నా వెళ్లి అక్క కాళ్ల మీద పడతాడేమోనని చూశాను. మావయ్య వెనక్కి తిరిగి వీధిలోకి చూశాడు, మనుషులెవరూ లేరని నిశ్చయించుకున్నాక నా దగ్గరికి వంగాడు.

"నేను చెబితే వినదు. నువ్వే చెప్పరా అక్కతో. బావ పక్కన నన్ను ఉండనివ్వమను."